తెలంగాణలో ఎన్‌రోల్ అయిన లాయర్ ఆంధ్రాలో ప్రాక్టీస్ చేయవచ్చా?

చేయవచ్చు. ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరున్నా దేశంలోని ఏ కోర్టులోనైనా వాదించే హక్కు ఉంటుంది.

కారణం 1961 అడ్వకేట్స్ చట్టంలోని 30వ సెక్షన్. చట్టం పాతదే అయినా, విచిత్రంగా ఈ సెక్షన్ 2011 జూన్ 15న గానీ అమల్లోకి రాలేదు. ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్ మాత్రం పాసై ఉండాలి. కొన్ని హైకోర్టులు సొంత నిబంధనలు పెట్టుకున్నాయి: బయటి రాష్ట్ర లాయరైతే స్థానిక లాయర్‌తో కలిసి వకాలత్ (తన తరఫున వాదించమని క్లయింట్ లాయర్‌కు రాసిచ్చే పత్రం) వేయాలని అలహాబాద్ హైకోర్టు అడుగుతుంది.

వరంగల్‌లో లా చదివి హైదరాబాద్‌లో ఎన్‌రోల్ అయిన అమ్మాయికి విజయవాడలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చోటు దొరికిందనుకోండి. వకాలత్ మీద తన తెలంగాణ ఎన్‌రోల్‌మెంట్ నంబరే రాసి సంతకం చేస్తుంది, అంతే. అక్కడే స్థిరపడదలిస్తే 18వ సెక్షన్ కింద బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు దరఖాస్తు పెట్టి పేరు మార్పించుకోవచ్చు. రెండు రాష్ట్రాల్లో ఒకేసారి పేరుండటం మాత్రం కుదరదు.

చాలామంది బార్ కౌన్సిల్‌నీ, బార్ అసోసియేషన్‌నీ ఒకటే అనుకుని టెన్షన్ పడతారు. వాదించే హక్కు ఇచ్చేది కౌన్సిల్. అసోసియేషన్ ఆ కోర్టు లాయర్ల సంఘం. అందులో సభ్యత్వం లేదని హక్కు పోదు. కాకపోతే కొత్త ఊళ్లో కేసులు, పరిచయాలు దొరికేది ఎక్కువగా అక్కడే, కాబట్టి చేరడమే మేలు.