బొమ్మల ఫొటోలకు ఏ లెన్సు? (పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. నేను చాలా ఏళ్లుగా బొమ్మలు సేకరిస్తున్నాను. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలతో పాటు పదకొండున్నర అంగుళాల బార్బీ బొమ్మలు ముప్పై దాకా ఉన్నాయి. వాటికి మా అమ్మగారు ఇక్కడి లేసు దారంతోనే గౌన్లు, ఓణీలు అల్లారు. అన్నిటినీ ఫొటోలు తీసి ఆల్బం చేయాలని కోరిక. నా దగ్గర నికాన్ డి5600 కెమెరా, దానితో వచ్చిన 18-55 ఏఎఫ్-పి లెన్సు ఉన్నాయి. దుకాణంలో అడిగితే పెద్ద సెన్సర్ (కాంతిని చిత్రంగా మార్చే పలక) ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు తీసుకోమన్నారు. తీసుకోమంటారా?

జవాబు: కెమెరా మార్చకండి. లెన్సు సంగతి తేల్చుకునే ముందు ఒక స్కేలు తీసుకుని మీ బొమ్మలను కొలవండి. మెగాపిక్సెళ్ల కన్నా, ఎఫ్ 1.8 అనే అంకె కన్నా బొమ్మల ఫొటోలకు ఆ కొలతే ముఖ్యం.

మీ బార్బీ ఎత్తు సుమారు 29 సెం.మీ. పైనా కిందా కాస్త ఖాళీ వదిలితే ఫ్రేము 35 సెం.మీ. అవుతుంది. మీ కెమెరా సెన్సర్ పొడవు 23.5 మి.మీ. కాబట్టి సెన్సర్ మీద బొమ్మ తన అసలు పరిమాణంలో పదిహేనో వంతుగా పడుతుంది. ఈ పని మీ దగ్గరున్న లెన్సు హాయిగా చేస్తుంది. చిక్కు వచ్చేది ముఖం దగ్గర, అమ్మగారి అల్లిక దగ్గర. ఐదు సెంటీమీటర్ల మేర మాత్రమే ఫ్రేములో నిండాలంటే అసలు పరిమాణంలో దాదాపు సగం, అంటే 0.47 కావాలి. లెన్సు వివరాల్లో గరిష్ఠ మాగ్నిఫికేషన్ అని రాసి ఉండే అంకె ఇదే. నికాన్ 50 మి.మీ. ఎఫ్ 1.8జి లెన్సుకు అది 0.15 మాత్రమే. 45 సెం.మీ. కన్నా దగ్గరకు వెళితే అది ఫోకస్ కాదు, మీ కెమెరా మీద సుమారు పదహారు సెంటీమీటర్ల కన్నా చిన్న మేరను ఫ్రేములో నింపలేదు. మీ 18-55 లెన్సుకు 0.38 ఉంది. 55 దగ్గర పెట్టి, సెన్సర్ నుంచి 25 సెం.మీ. దూరం వరకు జరిగితే ఆరు సెంటీమీటర్ల మేర ఫ్రేము నిండుగా వస్తుంది. దుకాణంలో చూపించిన లెన్సు కన్నా మీ చేతిలో ఉన్నదే బొమ్మకు దగ్గరగా వెళ్లగలదన్నమాట.

ఇక ఎఫ్ 1.8 సంగతి. లెన్సు లోపల కాంతి వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, ఎంత తెరుచుకుందో ఈ అంకె చెబుతుంది. అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. మనిషిని తీసేటప్పుడు వెనక దృశ్యం మసకబారి అందంగా ఉంటుందని ఆ లెన్సును మెచ్చుకుంటారు, అది నిజమే. బొమ్మ దగ్గర లెక్క వేరు. బొమ్మ మొత్తం ఫ్రేములో ఉన్నప్పుడే ఎఫ్ 1.8 దగ్గర ముందు నుంచి వెనక్కి స్పష్టంగా కనబడే మందం రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ముఖం దగ్గరకు వెళితే అది అర మిల్లీమీటరుకు పడిపోతుంది. కనుపాప స్పష్టంగా ఉంటే ముక్కు మసకగా వస్తుంది. ఎఫ్ 8 పెట్టినా ముఖం దగ్గర దక్కేది రెండు మిల్లీమీటర్లే. కాబట్టి నిండు బొమ్మకు ఎఫ్ 8, దగ్గరి ఫొటోలకు ఎఫ్ 11 వాడండి. ఎఫ్ 16 దాటితే కాంతి వంగడం వల్ల చిత్రం మొత్తం మెత్తబడుతుంది, లేసు ముడుల పదును పోతుంది. ఫుల్‌ఫ్రేమ్ వద్దన్నదీ ఇందుకే. దాని సెన్సర్ 36 మి.మీ. పొడవు ఉంటుంది కనుక అదే ముఖాన్ని నింపడానికి 0.7కు పైగా మాగ్నిఫికేషన్ కావాలి, అదే అపర్చర్ దగ్గర స్పష్టమైన మందం ఇంకా తగ్గుతుంది. బొమ్మల వరకు చిన్న సెన్సర్ మీకు మేలే చేస్తోంది.

ఆల్బం పని మొదలుపెట్టాక లేసు అల్లికకు ఇంకా దగ్గరగా వెళ్లాలనిపిస్తే, అనిపిస్తుందనే నా నమ్మకం, అప్పుడు ఒక మాక్రో లెన్సు, అంటే చిన్న వస్తువులను బాగా దగ్గర నుంచి తీసే లెన్సు తీసుకోండి. నికాన్ వాళ్లు దీన్నే మైక్రో అంటారు. నికాన్ 40 మి.మీ. డిఎక్స్ మైక్రో అసలు పరిమాణం దాకా వెళుతుంది గాని, అక్కడికి చేరేసరికి లెన్సు అంచుకూ వస్తువుకూ మధ్య మూడు నాలుగు సెంటీమీటర్లే మిగులుతాయి, లెన్సు నీడ బొమ్మ మీద పడుతుంది. వాడిన సరుకు దొరికితే 60 మి.మీ. ఎఫ్ 2.8డి మైక్రో మీకు సరిపోతుంది. డి5600లో ఫోకస్ మోటారు లేదు కాబట్టి ఈ లెన్సు ఆటోఫోకస్ పనిచేయదు, చేత్తో తిప్పుకోవాలి. బొమ్మ కదలదు గనుక అది లోపం కాదు. ట్రైపాడ్ మీద పెట్టి, తెర మీద కన్నును పెద్దది చేసి చూస్తూ తిప్పితే ఆటోఫోకస్ కన్నా నమ్మకంగా కుదురుతుంది. దూరం నుంచే దగ్గరి ఫొటో కావాలనుకునేవారికి టామ్రాన్ 90 మి.మీ. మాక్రో మంచిది. 50 మి.మీ. లెన్సు ఇప్పటికే కొనేసిన పాఠకులు దిగులు పడనక్కరలేదు. దానికీ కెమెరాకూ మధ్య ఖాళీ గొట్టంలాంటి 20 మి.మీ. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ తగిలిస్తే మరో 0.4 మాగ్నిఫికేషన్ కలుస్తుంది. అయితే విద్యుత్ కాంటాక్టులున్న ట్యూబే తీసుకోవాలి, లేకపోతే కెమెరా నుంచి అపర్చర్ మార్చలేరు.

కెమెరాను బొమ్మ కళ్ల ఎత్తుకు దించడం మరవకండి. బార్బీ మనిషిలో ఆరో వంతు. మనిషిని మూడు మీటర్ల నుంచి తీస్తే ఎలా ఉంటుందో, బొమ్మను అర మీటరు నుంచి తీస్తే అలా ఉంటుంది. డి5600 తెర బయటకు తిరుగుతుంది కాబట్టి నేల మీద పడుకోవలసిన అవసరం లేదు. మీది మండువా ఇల్లయితే లోగిలి పక్క వసారాలో, ఎండ నేరుగా పడని చోట బల్ల వేసుకోండి. ఒకవైపు నుంచి మెత్తగా వచ్చే ఆ వెలుగుకు మించిన దీపం లేదు. రెండో వైపు తెల్ల థర్మకోల్ ముక్క నిలబెడితే నీడలు తేలికపడతాయి. వసారాలో ఎల్ఈడీ లైటు ఆపేయండి, రెండు రకాల వెలుగులు కలిస్తే బొమ్మ చెంపల రంగు మారిపోతుంది.

లేసు విషయంలో నాకు ఎదురైన ఇబ్బంది ఒకటి చెబుతాను. తెల్ల లేసును నల్ల అట్ట ముందు పెడితే అల్లిక బాగా కనబడుతుందని తీశాను. ఫ్రేములో నలుపు ఎక్కువ ఉండటంతో కెమెరా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచింది, దారపు కన్నాలన్నీ తెల్లగా పూడిపోయాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (ఫొటో వెలుతురును మనం పెంచి తగ్గించే అమరికను) మైనస్ ఒకటికి తగ్గించాక ఒక్కొక్క ముడీ విడివిడిగా, దారం పురితో సహా కనబడింది. ఏటికొప్పాక బొమ్మలది మరో సమస్య. అంకుడు కర్ర మీద లక్క పూత నున్నగా మెరుస్తుంది కనుక కిటికీ మొత్తం దాని బుగ్గ మీద ప్రతిఫలిస్తుంది. కిటికీకి పల్చని తెల్ల పంచె అడ్డం కట్టండి. అప్పటికీ మెరుపు మిగిలితే సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టర్ తిప్పి చూడండి, లక్క మీద అది బాగా పనిచేస్తుంది. తెల్ల పొణికితో చేసి రంగులు వేసిన కొండపల్లి బొమ్మలతో ఇంత బాధ ఉండదు, కాకపోతే వాటిని గంటలకొద్దీ ఎండలో ఉంచకండి, రంగు వెలుస్తుంది.

ప్రశ్న: సంక్రాంతికి మా ఇంట్లో ఏడు మెట్ల బొమ్మల కొలువు పెడతాం. ఫోన్‌తో తీస్తే దగ్గరి బొమ్మల ముఖాలు ఉబ్బినట్టు వస్తున్నాయి. కొత్త కెమెరా కొనాలా? (అమలాపురం)

జవాబు: అక్కరలేదు. ఫోన్‌లోని ప్రధాన కెమెరా వెడల్పుగా చూస్తుంది కాబట్టి ఫ్రేము నింపడానికి మీరు బొమ్మకు మరీ దగ్గరగా వెళుతున్నారు. దగ్గరైన ముక్కు పెద్దదై, దూరమైన చెవులు చిన్నవవుతాయి. రెండడుగులు వెనక్కి జరిగి, 2ఎక్స్ గుర్తు నొక్కి తీయండి. కొలువు మొత్తం తీసేటప్పుడు ఫోన్‌ను మధ్య మెట్టు ఎత్తులో, నిటారుగా పట్టుకుంటే మెట్లు ఒరిగినట్టు రావు.

ప్రశ్న: మాది అంతర్వేది వైపు. బీరువాలో దాచిన మాక్రో లెన్సు లోపల సాలెగూడు పోగుల్లాంటివి కనబడుతున్నాయి. తుడిస్తే పోవడం లేదు. ఏమిటివి?

జవాబు: అది బూజు. సముద్రపు గాలి, కాలువల తేమ ఉన్న మన డెల్టాలో లెన్సులకు ఇదే పెద్ద శత్రువు. గాలిలో తేమ 60, 70 శాతం దాటి నిలిచి ఉంటే, చీకట్లో కదలకుండా ఉన్న లెన్సు మీద అది పెరుగుతుంది. నా లెన్సును ఒక వర్షాకాలమంతా తోలు సంచిలో ఉంచేసి దసరాకు తీసేసరికి ఇలాంటి పోగులే కనిపించాయి. మీరు తుడిచేది బయటి అద్దం, బూజు ఉన్నది లోపలి అద్దం మీద. తెలిసిన మెకానిక్ చేత విప్పించి శుభ్రం చేయించండి. ఆలస్యమైతే అది అద్దం పూతను తినేస్తుంది, ఆ మచ్చలు ఇక పోవు. ఈలోగా దాన్ని మిగతా లెన్సుల పక్కన పెట్టకండి.

ఇకముందు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు వేసి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారగానే వేడి చేసి ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది. బియ్యం పోయమని కొందరు చెబుతారు, దుమ్ము తప్ప దానివల్ల ఒరిగేది లేదు. తోలు సంచీ, గుడ్డ సంచీ రెండూ తేమను పట్టి ఉంచుతాయి కనుక ప్రయాణానికే వాడండి. వాడిన లెన్సు కొనేటప్పుడు కూడా వెనక మూత తీసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చిని ఏటవాలుగా వేసి చూడండి. బూజు ఉంటే ఆ వెలుగులో పోగులు తెల్లగా తేలతాయి.