చిన్నా, లాంచీ ఎక్కకముందే ఇవన్నీ చూసుకో

చిన్నా,

దసరా సెలవుల్లో మీ ఆఫీసువాళ్లు, వాళ్ల పిల్లలు, మీ అత్తగారు అందరూ కలిసి నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలానికి లాంచీలో వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్లండి, నల్లమల కొండల మధ్య కృష్ణ మీద ప్రయాణం కంటే అందమైనది మన దగ్గర ఇంకోటి లేదు. అయితే అంతమందిని కూడగట్టింది నువ్వు కాబట్టి టికెట్లు, టిఫిన్ల సంగతి వేరేవాళ్లకు అప్పజెప్పి ఇది పూర్తిగా చదువు. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ చేసినన్నాళ్లూ నేను చూసింది ఇదే, నీళ్లలో ఏదైనా జరిగాక ఆలోచించుకునే టైం ఉండదు, ఎవరు ఏం చేయాలో ఒడ్డు మీదే తేల్చుకోవాలి.

ముందు లైఫ్ జాకెట్. ఇచ్చింది భుజాన తగిలించుకుంటే సరిపోదు. బకిల్స్ అన్నీ పడుతున్నాయా, బెల్టులు ఎక్కడైనా చిరిగాయా చూడు. బిగించాక జాకెట్‌ను భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమని పక్కవాళ్లకు చెప్పు. చెవుల దాకా లేచిందంటే వదులుగా ఉన్నట్టే, నీళ్లలో పడితే జాకెట్ తేలుతుంది, మనిషి అందులోంచి కిందికి జారిపోతాడు. పిల్లలకు పెద్దవాళ్ల జాకెట్ తొడిగి తాడుతో చుట్టేస్తారు కొన్నిచోట్ల, అది అస్సలు ఒప్పుకోకు. పిల్లల సైజువి, కాళ్ల మధ్య నుంచి పట్టీ వచ్చేవి ఉన్నాయా అని ముందే ఫోన్ చేసి అడుగు, లేవంటే ఇక్కడే కొనుక్కుని వెళ్లు. ఒక్కో జాకెట్‌కు ఒక విజిల్ కట్టు, అరిచి గొంతు పోయాక కూడా విజిల్ ఊదొచ్చు, దూరం కూడా వినిపిస్తుంది. ఐదారు గంటల ప్రయాణం కదా, ఉక్కపోస్తోందని భోజనాల దగ్గర ఒక్కొక్కరే విప్పేస్తారు. అక్కడ నువ్వు మొహమాటపడకూడదు, మీ మేనేజరైనా సరే మళ్లీ వేసుకోమని చెప్పు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల బోటు మునిగింది, గుర్తుందా? మన హైదరాబాద్ వాళ్లు, వరంగల్ వాళ్లు ఎంతమంది పోయారో. ఆ రోజు గోదావరి వరద మీద ఉంది, మునిగిన బోటును పైకి తీయడానికే అక్టోబరు 22 దాకా పట్టింది. నాకు ఇప్పటికీ ఆ వార్తలు తలచుకుంటే మనసు పాడవుతుంది. మీరు వెళ్లేది కూడా వర్షాకాలం పూర్తిగా పోని రోజుల్లోనే. కాబట్టి ముందురోజు, బయలుదేరేటప్పుడు, రెండుసార్లూ వరద ఎలా ఉందో కనుక్కో. లాంచీ మీద ఎంతమందికి అనుమతి అని రాసి ఉంటే చదివి, రాసి లేకపోతే అడిగి, తలలు లెక్కపెట్టు. ఎక్కువుంటే దిగిపోండి, టికెట్ డబ్బులు పోతే పోయాయి. ఉరుములు మొదలైతే అంతే, ఆ పూట ఎక్కొద్దు.

ఎక్కాక ఒడ్డున మొసలి కనిపించిందనో, ఫొటో కోసమో అందరూ ఒకే పక్కకు పరిగెత్తకూడదు. పైడెక్ మీద గుంపుగా నిలబడినా బరువు పైకి చేరి లాంచీ త్వరగా ఒరుగుతుంది. మీ అత్తగారిని, పిల్లలను తలుపుకు దగ్గరలో కూర్చోబెట్టు, లోపలి మూలల్లో వద్దు.

ఎవరైనా పడిపోతే వెనకే ఎవరూ దూకొద్దు, ఈత వచ్చినవాళ్లు కూడా. భయంలో ఉన్న మనిషి మెడ పట్టుకుంటే ఇద్దరూ పోతారు. ఒకరు చూపు తిప్పకుండా ఆ మనిషి వైపు వేలు చూపిస్తూ ఉండాలి, ఒకరు సరంగుకు, అంటే లాంచీ నడిపే అతనికి చెప్పాలి, ఇంకొకరు ట్యూబో, తాడో, మూత బిగించిన ఖాళీ వాటర్ క్యానో విసరాలి. ఈ ముగ్గురెవరో ఎక్కకముందే పేర్లు పెట్టి చెప్పు. లాంచీయే బోల్తా పడి తేలుతూ ఉంటే దాన్నే పట్టుకోండి, ఒడ్డు దగ్గరే కదా అని ఈదొద్దు, నీళ్ల మీద నుంచి చూస్తే దూరం తెలియదు.

మునిగిన మనిషిని బయటికి తీయగానే పొట్ట నొక్కడం, కాళ్లు పట్టుకుని తలకిందులు చేయడం మనవాళ్లకు అలవాటు. రెండూ వద్దు. పొట్టలో ఉన్నది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా విలువైన నిమిషాలు పోతాయి. పిలిచినా పలక్కుండా, ఊపిరి ఆడకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి, ముందు నోట్లోకి ఐదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్యలో 30 సార్లు గట్టిగా నొక్కి రెండుసార్లు ఊదాలి, సాయం వచ్చేదాకా అలాగే చేస్తూ ఉండాలి. మునిగినవాళ్లకు గాలి అందకే గుండె ఆగుతుంది, అందుకే ఊపిరి ముందు. ఇది చదివితే వచ్చేది కాదు, మీలో ఇద్దరైనా ప్రథమ చికిత్స శిక్షణలో వాడే బొమ్మ మీద నొక్కి నేర్చుకుని రండి. తేరుకుని మామూలుగా మాట్లాడుతున్నా దగ్గు, ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

ఫోన్లు వాటర్‌ప్రూఫ్ కవర్లలో మెడకు వేసుకోండి, అత్తగారి బీపీ మాత్రలు కూడా అలాంటి కవర్లోనే. 112, 108 అందరికీ తెలిసిన నంబర్లే కానీ కొండల మధ్యకు వెళ్లాక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు, సరంగు దగ్గర వైర్‌లెస్ లాంటిది ఏముందో అడుగు.

అందుకే ఇంకో పని. ఎక్కే ముందు లాంచీ పేరు, బయలుదేరిన టైం, చేరే టైం, అందరి పేర్లు నాకు మెసేజ్ పెట్టు. శ్రీశైలంలో దిగగానే ఫోన్ చెయ్. చెప్పిన టైం దాటి గంటైనా నీ ఫోన్ రాకపోతే నేను ఇక్కడి నుంచి కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేస్తాను.

మీ బాబాయ్