ఎన్ని ఇళ్లు పిలిచాయని అడగకండి

ప్రశ్న: మేం అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఉంటాం. మా అమ్మాయి ఈ ఆగస్టులో టస్కలూసాలో, అలబామా యూనివర్సిటీలో చేరుతోంది. సోరోరిటీ రష్‌కి, అంటే అమ్మాయిల సంఘాల్లో చేరడానికి జరిగే ఎంపికకి, వెళ్తానంటోంది. ఆ గొడవంతా మాకు కొత్త. వద్దనాలా? సరే అంటే మేం ఏం చేయాలి? – ఒక తల్లి

జవాబు: వద్దనకండమ్మా, కానీ ముందు డబ్బు సంగతి తేల్చండి. సోరోరిటీ ఫీజు ట్యూషన్‌కి అదనం. చేరిన కొత్తలో ఒక్కసారి కట్టేవి కలిసి మొదటి సెమిస్టర్ బిల్లు ఎక్కువగా వస్తుంది. తర్వాత చందా, భోజనం, కొన్నిచోట్ల కొంతకాలం ఆ సంఘం ఇంట్లోనే ఉండాలన్న షరతు. ఒక్కో సోరోరిటీనే అక్కడ ఇల్లు అంటారు. మీరు భరించగలిగేది ఎంతో అంకెతో సహా అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. ఇల్లు నచ్చాక లెక్కలు తీస్తే ఇద్దరికీ కష్టం.

ఇక జరిగేది చెప్తాను. అలబామాలో క్లాసులకు ముందే, ఆగస్టు ఎండలో, రెండు వేలకు పైగా అమ్మాయిలు ఇంటింటికీ తిరుగుతారు. ఒకరకంగా పెళ్లిచూపులే, కాకపోతే రెండు పక్కలా వడపోత. ప్రతి రౌండ్‌కీ అమ్మాయి కొన్ని ఇళ్లు వదులుకుంటుంది, ఇళ్లు కొందరిని వదులుకుంటాయి. ఒక్కో ఇల్లు ఎంతమందిని మళ్లీ పిలవొచ్చో ముందే లెక్క కడతారు. అందుకే మాటకారి పిల్లలకూ ఒక్కోసారి పిలుపు రాదు. మన ఇళ్లలో ఎంసెట్ ర్యాంకు అడిగే అలవాటు కొద్దీ రోజూ సాయంత్రం "ఎన్ని పిలిచాయి?" అంటాం. అది మానండి. తిందా, కాళ్లు నొప్పులా, ఎవరితో మాట్లాడితే సరదాగా అనిపించింది, ఇవి అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీరు మాత్రం ఏ ఇంటికీ ఫోన్ చేయకండి. ఏ ఇంటి పక్షమూ వహించకుండా దారి చూపడానికే కొందరు సీనియర్లను పెడతారు, అమ్మాయే వాళ్లని అడుగుతుంది.

ఒక్క సంగతి మాత్రం ముందే చెప్పి పంపండి. ఆఖరి రౌండ్ అయ్యాక ఒక ఒప్పందం మీద సంతకం పెట్టిస్తారు. అందులో తను రాసిన ఇంటినుంచి బిడ్, అంటే చేరమన్న పిలుపు, వచ్చి, అమ్మాయి కాదంటే, మరుసటి ఏడాది పెద్ద రష్ దాకా ఆ క్యాంపస్‌లో నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ అనే సోరోరిటీల సమాఖ్య కిందున్న మరే సోరోరిటీలోనూ చేరడానికి వీల్లేదు. చేరాలని లేని ఇంటి పేరు రాయకపోవడమే మేలు.

చరిత్ర కూడా దాచొద్దు. 2013లో అదే యూనివర్సిటీ విద్యార్థుల పత్రిక, నల్లజాతి అమ్మాయిని సోరోరిటీలు కాదన్న తీరు బయటపెట్టింది. గోల జరిగాకే తలుపులు కొంత తెరుచుకున్నాయి. అమ్మాయికి ఎక్కడైనా తేడాగా అనిపిస్తే "నీ ఊహలే" అని కొట్టిపారేయకండి. దక్షిణాసియా అమ్మాయిల సోరోరిటీలు వేరే ఉన్నాయి. 1998లో హ్యూస్టన్‌లో మొదలైన డెల్టా ఫై ఒమేగా అలాంటిదే. వాటి రష్ వేరే జరుగుతుంది. ఆ క్యాంపస్‌లో ఏమున్నాయో ముందే చూడమనండి.

మనం ర్యాగింగ్ అనేదాన్ని అక్కడ హేజింగ్ అంటారు. 2024 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం, హేజింగ్‌కు పాల్పడినట్టు తేలిన సంఘాల వివరాలు కాలేజీలు బయటపెట్టాలి. బిడ్‌కి సరే అనకముందే ఆ పేజీ ఇద్దరూ కలిసి చదవండి.

రష్ మధ్యలో మానేస్తానంటే మానేయనివ్వండి. అన్నట్టు, పెట్టెలో మెత్తని చెప్పుల జత ఒకటి అదనంగా పెట్టండి.