బెంగళూరులో ఫ్యామిలీ కౌన్సెలింగ్‌కి ఎక్కడికి వెళ్లాలి? అక్కడ ఏం అడుగుతారు?

హోసూరు రోడ్డులోని ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో కుటుంబ సమస్యల కోసమే ఫ్యామిలీ సైకియాట్రీ విభాగం ఉంది. ఆసుపత్రి అంటే భయమేస్తే, బీటీఎం లేఅవుట్‌లో వాళ్లదే సెంటర్ ఫర్ వెల్ బీయింగ్ ఉంది. తెలుగు వచ్చిన కౌన్సెలర్ కావాలని ముందే అడగండి. కోపం, ఏడుపు మాతృభాషలోనే సరిగ్గా బయటికొస్తాయి.

నేనూ మా ఆవిడా వెళ్లినప్పుడు తప్పెవరిదో తేలుస్తారనుకున్నాను. కౌన్సెలర్ తీర్పేమీ చెప్పలేదు. మా ఆవిడ చెప్పింది నన్ను తిరిగి చెప్పమన్నారు. చెప్పలేకపోయాను. అన్నేళ్లూ నేను వినలేదని అప్పుడే తెలిసింది. ఒక్క సెషన్‌తో ఏదీ మారదు, మాకు నెలలు పట్టింది.

బంధువులకు తెలుస్తుందన్న టెన్షన్ వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఇప్పుడే మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.