మిర్యాలగూడ సర్వర్లు క్లౌడ్‌కు పోయేముందు: అల్లుడికి ఉత్తరం

అల్లుడికి ఆశీస్సులు.

మీ మిల్లుల గ్రూపు కంప్యూటర్ల పని మొత్తం క్లౌడ్‌కు, అంటే నెట్ మీద కిరాయికి దొరికే బయటి కంపెనీ సర్వర్లకు, పోవాలని బోర్డు తీర్మానం చేసిందని, ఆ భారం నీ మీద పడ్డదని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. తీర్మానంలకెల్లి ‘మొత్తం’ అన్న మాట ముందు కొట్టేయించు. ఏది పోవద్దో తేలినంకనే ఏది పోవాల్నో తెలుస్తది.

మొదలు ఒక పట్టీ రాయి. ప్రతి సాఫ్ట్‌వేర్‌కు ఒక వరుస: ఎవరు వాడుతున్నరు, ఏ డేటాబేస్ (లెక్కలన్నీ దాచే చోటు) మీద నడుస్తది, ఎంతసేపు ఆగితే పని ఆగుతది, లైసెన్సు ఎన్ని కోర్లకు (సర్వర్‌ల లెక్కచేసే భాగాలకు) ఉన్నది. మూడు నెలలు సీపీయూ, మెమొరీ ఎంత వాడుతున్నరో కొలిచి చూడు. 32 కోర్ల సర్వర్ కొని 4 కోర్ల పని చేయించుడు పెద్ద సంస్థలల్ల మామూలే. దాన్ని ఉన్నదున్నట్టు పైకి పంపితే ఖాళీగున్న 28 కోర్లకు గంటగంటకు కిరాయి కడ్తవు. ఏండ్ల నుంచి ఎవరూ తెరవని సాఫ్ట్‌వేర్లు కూడ పట్టీల బయటపడ్తయ్. వాటిని మోసుకపోకు, మూసెయ్యి.

కాంటా కాడి సాఫ్ట్‌వేర్ మాత్రం మిల్లులనే ఉండాలె. నెట్ పోతే వడ్ల లారీలు రోడ్డు దాకా లైను కడ్తయ్. తూకం అక్కడి కంప్యూటర్లనే రాసుకొని, నెట్ వచ్చినంక పైకి పంపేటట్టు చేయించు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇంకోకాడ. అప్లికేషన్‌ను పైకి పంపి, డేటాబేస్‌ను ఆఫీసులనే ఉంచుతరు. పాత ప్రోగ్రాం ఒక్క స్క్రీన్ తెరవడానికి డేటాబేస్‌ను 300 సార్లు అడిగే రకం ఉంటది. రెండూ ఒక్క గదిల ఉన్నన్ని రోజులు అది ఎవరికీ తెల్వదు. దూరమై ఒక్కో రాకపోకకు 20 మిల్లీసెకన్లు పట్టిందనుకో, స్క్రీన్‌కు 6 సెకన్లయితది. క్లర్కులు ‘క్లౌడ్ స్లో’ అంటరు. తప్పు జోడెడ్లను విడదీసినోళ్లది. రెండింటినీ ఒక్కసారే కదిలించు.

క్లౌడ్ కిరాయికిచ్చే అమెజాన్‌కు ముంబైల 2016 నుంచి, హైదరాబాద్‌ల 2022 నవంబర్ నుంచి రీజియన్లు (డేటా సెంటర్ల గుంపులు) ఉన్నయ్. పని హైదరాబాద్‌ల, బ్యాకప్ ముంబైల పెట్టొచ్చు. దగ్గరున్నది గదా అని ఊరికె సంతకం పెట్టకు. కొత్త రీజియన్ల అన్ని సర్వీసులు, అన్ని రకాల మిషన్లు (కిరాయి కంప్యూటర్లు) ఉండవు, నీకు కావాల్సినవి ఉన్నయా చూస్కో.

డేటా మోసుడు లెక్క కూడ ముందే వెయ్యి. 20 టెరాబైట్లు 100 ఎంబీపీఎస్ లైను మీద, లైను నిండా పారినా 18 రోజులు దాటుతది. పగలు ఆఫీసు పని కూడ అదే లైను మీదనయితే నెల దాటుతది. ఒక నెల 1 జీబీపీఎస్ తీస్కుంటే రెండు రోజుల పని. ముందు మొత్తం కాపీ కొట్టి, చివరి రాత్రి మారినవి మాత్రమే పంపాలె. వానాకాలం, యాసంగి కొనుగోళ్లు నడిచేటప్పుడు దేన్నీ ముట్టకు. జులై, ఆగస్టుల చెయ్యి. వడ్ల యాపారంల క్లౌడ్ అసలు లాభం ఇదే: సీజన్‌ల నాలుగు మిషన్లు, మిగతప్పుడు ఒక్కటి.

బిల్లు కరెంటు మీటరు లెక్క తిరుగుతది. వారానికి 168 గంటలు. టెస్టింగ్ మిషన్లను ఆరు రోజులు, రోజుకు 10 గంటలే నడిపితే 60 గంటలు. అంటే మిషను కిరాయిల దాదాపు 64 శాతం మిగుల్తది. మిషను ఆపినా డిస్కు బిల్లు మాత్రం ఆగదు. ప్రతి మిషనుకు మిల్లు పేరు, శాఖ పేరు ట్యాగు పెట్టు, లేకుంటే నెలాఖరుకు ఖర్చు ఎవరిదో తేలదు. బడ్జెట్ అలర్టు 50, 80, 100 శాతం కాడ పెట్టు. అలర్టు చెప్తది గంతే, ఖర్చును ఆపదు. ఏడాది, మూడేండ్ల ఒప్పందాలకు తగ్గింపు ఇస్తరు గని, మూడు నెలల వాడకం చూడకముందు చెయ్యకు.

అకౌంటు సంస్థ పేరు మీదనే తెరువు, కాంట్రాక్టరు పేరు మీద వద్దు. రూట్ ఈమెయిల్ (అకౌంటు మొత్తం చేతిలుండే లాగిన్) ఒక మనిషిది కాకుండ ఆఫీసుది పెట్టి, ఎంఎఫ్ఏ (పాస్‌వర్డుతో పాటు ఫోన్ కోడ్ లాంటి రెండో తాళం) వెయ్యి. అసలు పని, టెస్టింగ్, బ్యాకప్ మూడు వేరువేరు అకౌంట్లల్ల ఉండాలె. దొంగ చేతిల అడ్మిన్ పాస్‌వర్డు పడ్డా, బ్యాకప్ తుడిచేసే వీలు ఉండొద్దు. మూడు నెలలకొకసారి ఆ బ్యాకప్ నుంచి నిజంగ తిరిగి లేపి చూడు. దేశ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం లాగులు (సిస్టంల ఏమేం జరిగిందో రాసుకునే రికార్డులు) 180 రోజులు దాచాలె, సైబర్ దాడి తెలిసిన 6 గంటలల్ల ఆ సంస్థకు చెప్పాలె. రాత్రి రెండింటికి ఆ ఫోను ఎవరు చేస్తరో ఇప్పుడే రాసిపెట్టు.

మార్చే రోజుకు రెండు రోజుల ముందు డీఎన్ఎస్ టీటీఎల్‌ను (సర్వర్ అడ్రసును కంప్యూటర్లు ఎంతసేపు గుర్తుంచుకోవాల్నో చెప్పే లెక్కను) 300 సెకన్లకు దించు. ఒక రోజు టీటీఎల్ అట్లనే ఉంటే సగంమంది మర్నాటి దాకా పాత సర్వర్‌కే పోతరు. పాతవాటిని నెల రోజులు ఆర్పకు. తర్వాత అమ్మేటప్పుడు డిస్కులు ఊడదీసి, డేటా తుడిపించినంకనే స్క్రాపోనికి ఇయ్యి.

ఇట్లు,
మీ మామ,
నల్లగొండ