డాక్టర్ సలహా: నాన్నగారి బొమ్మలు బాగున్నాయి, నా బెంగ కత్తెర గురించి

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. జీవితమంతా లెక్కలు రాసి రిటైరయ్యారు. ఎన్నడూ బొమ్మ గీసిన మనిషి కాదు. అలాంటిది ఏడాదిన్నరగా పొద్దున లేచింది మొదలు రాత్రి దాకా పక్షుల బొమ్మలే వేస్తున్నారు. ఈక ఈకా గీస్తారు, చూసినవాళ్లంతా ఆశ్చర్యపోతున్నారు. జ్ఞాపకశక్తి బాగుంది. తేదీలు, దారులు అన్నీ గుర్తే. మొదట్లో ఏ పక్షికి ఆ పేరు చెప్పేవారు, ఇప్పుడు ఏది అడిగినా 'పిట్ట' అంటున్నారు. మొన్న కత్తెర ఇమ్మంటే "కత్తెర అంటే ఏంటి?" అన్నారు, తమాషా చేస్తున్నారనుకున్నాం. తీపి బాగా ఎక్కువైంది. మా మేనత్త పోయిన రోజు కూడా బొమ్మ వదిలి లేవలేదు. ఎందుకైనా మంచిదని, తెలిసినవాళ్లింట్లో మతిమరుపుకి వాడే డోనెపెజిల్ మాత్ర ఆరు నెలలుగా ఇస్తున్నాం. ఈ మధ్య కోపం పెరిగింది. ఈ వయసులో వచ్చిన కళ వృథా కాకూడదని మా ఆశ. డ్రాయింగ్ మాస్టారిని పెట్టమంటారా? ప్రదర్శన ఏర్పాటు చేస్తే మంచిదేనా? - ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫొటో చూశాను. బొమ్మ నిజంగా బాగుంది. రెక్క ముడుచుకున్న చోట ఒక ఈక మీద ఇంకో ఈక నీడ పడుతుంది చూడండి, ఆయన దాన్ని కూడా వదల్లేదు. మాస్టారి సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది కత్తెర మాట దగ్గర.

పేరు తట్టకపోవడం వేరు. "అదే, గుడ్డ కత్తిరిస్తామే, అది" అని తడుముకునే మనిషికి వస్తువేమిటో తెలుసు, మాటే నోటికి రాదు. వయసు పైబడ్డాక అది ఎంతోకొంత అందరికీ ఉంటుంది. మాట చెవిన పడ్డాక కూడా "అంటే ఏంటి?" అన్నారంటే, ఆ మాట వెనకున్న అర్థమే చెదిరిపోతోందేమో అని అనుమానించాలి. పక్షులన్నీ 'పిట్ట' అయిపోవడమూ ఈ కోవలోదే. దానికి తీపి మీద యావ, తోడబుట్టినావిడ పోయినా చలించకపోవడం, ఒకే పనిని పట్టుకుని వదలకపోవడం కలిపి చూస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా. మెదడు ముందు భాగం, కణతల వైపు భాగాలు మెల్లగా క్షీణించే జబ్బు అది. ఉత్తరం చదివి, ఫొటో చూసి జబ్బు తేల్చలేం. నేను చెబుతున్నది అనుమానం మాత్రమే. కానీ పక్కన పెట్టదగ్గ అనుమానం కాదు.

'జ్ఞాపకశక్తి బాగుంది' అని మీరు ధైర్యంగా రాశారు. ఈ జబ్బును ఇంట్లోవాళ్లు గుర్తుపట్టలేనిది సరిగ్గా అక్కడే. డిమెన్షియా అనగానే అందరికీ మతిమరుపే తోస్తుంది. ఇందులో తేదీలు, దారులు మొదట్లో చక్కగా గుర్తుంటాయి. మారేది మనిషి తీరు, లేదా మాట. ఎక్కువగా 45 నుంచి 65 ఏళ్ల మధ్య మొదలవుతుంది కాబట్టి 'ఇంకా ఆ వయసు రాలేదులే' అనుకోవడానికీ లేదు.

మరి జబ్బు పట్టిన మెదడుకి కొత్తగా కళ ఎలా అబ్బుతుందని మీకు సందేహం రావాలి. కాలిఫోర్నియాలో బ్రూస్ మిల్లర్ అనే న్యూరాలజిస్టు, ఆయన సహచరులు 1990ల్లోనే ఇలాంటి రోగుల గురించి రాశారు. అంతకుముందు కుంచె పట్టనివాళ్లు జబ్బు మొదలయ్యాక చిత్రకారులయ్యారు. అందరికీ కాదు, కొద్దిమందికే. ముఖ్యంగా ఎడమ కణత వైపు, అంటే మాటకు ఆధారమైన వైపు దెబ్బతిన్నవాళ్లలో ఇది కనిపించింది. మాటల యంత్రాంగం బలహీనపడితే, చూపుకి, ఆకారాలకి సంబంధించిన వెనక భాగాల మీద దాని అదుపు సడలి, అవి మరింత చురుగ్గా పనిచేస్తాయని వివరణ. ఆ బొమ్మల్లోనూ ఒక తీరుంది. కంటికి కనిపించింది కనిపించినట్టు, చిన్న వివరం కూడా పోకుండా, ఒకే విషయం మళ్లీ మళ్లీ గీస్తారు. భావం కన్నా ఆకారం మీదే దృష్టి ఉంటుంది.

కెనడాకు చెందిన ఆన్ ఆడమ్స్ కథ మా రంగంలో బాగా తెలిసినదే. ఆమె శాస్త్రవేత్త. పని మానేశాక చిత్రలేఖనంలో మునిగిపోయి, ఫ్రెంచి స్వరకర్త మోరిస్ రావెల్ కూర్చిన 'బొలేరో' అనే సంగీతాన్ని 1994లో బొమ్మగా మార్చారు. ఆ సంగీతంలో ఒక్కో ఆవర్తానికీ ఒక్కో నిలువు ఆకారం గీశారు. శబ్దం పెరిగేకొద్దీ దాని ఎత్తు పెరుగుతుంది. మాట తడబడడం మొదలైంది ఆ తర్వాత కొన్నేళ్లకు. క్రమంగా మాట పోయే జబ్బని తేలింది, 2007లో కన్నుమూశారు. మెదడు ఎడమవైపు ముందు భాగం క్షీణించినా, కుడివైపు వెనక భాగాలు దృఢంగా ఉన్నట్టు స్కాన్లలో కనిపించింది. ఆమెకు నచ్చిన 'బొలేరో' కూడా రెండే రాగాలు మళ్లీ మళ్లీ తిరిగే సంగీతం. దాన్ని 1928లో రాసిన రావెల్‌కీ తర్వాతి ఏళ్లలో మాట, రాత దెబ్బతిన్నాయి. 1937లో మెదడు ఆపరేషన్ తర్వాత మరణించారు. ఆయనకూ ఇలాంటి జబ్బే ఉండొచ్చని కొందరు న్యూరాలజిస్టుల అంచనా, బతికుండగా అయితే తేలలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆన్ ఆడమ్స్‌కి బొమ్మ ముందొచ్చింది, మాట పోవడం తర్వాత వచ్చింది. మీ ఇంట్లో ఆ రెండో దశ మొదలైనట్టు నాకనిపిస్తోంది. అందుకే ఏడాదిన్నర ఆగారని చదివి నా మనసు కలుక్కుమంది. చేయి వణికి ఉంటే వారంలో తీసుకెళ్లేవారు కదా? బొమ్మలు అందంగా వస్తున్నాయి కాబట్టి ఎవరికీ భయం వేయలేదు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఇక మాత్రం ఆగొద్దు.

ఈ లక్షణాలన్నిటికీ ఈ జబ్బే కారణం కానక్కర్లేదు కూడా. మెదడు ముందు భాగంలో గడ్డ, బి12 లోపం, థైరాయిడ్ తేడా, ఉన్మాదం లాంటి మానసిక జబ్బు, ఎప్పుడో తలకు తగిలిన దెబ్బతో చేరిన రక్తం, ఏదైనా కావచ్చు. వీటిలో కొన్నిటికి మంచి చికిత్స ఉంది. ఆలస్యం వద్దని మొత్తుకునేది వాటి కోసమే. పార్కిన్సన్స్‌కి వాడే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ లాంటి మందులతో కూడా కొందరు ఒకే పనిలో రాత్రింబవళ్లు మునిగిపోతారు. మీ నాన్నగారు వాడే మందులన్నీ మీరు రాయలేదు. డాక్టరు దగ్గర ఒక్కటి కూడా దాచకండి.

మందుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం గట్టిగానే చెబుతాను. వేరొకరికి రాసిన డోనెపెజిల్‌ని ఆరు నెలలు ఎలా ఇచ్చారమ్మా? అది జ్ఞాపకశక్తి టానిక్కు కాదు. అల్జీమర్స్‌కి, డాక్టరు పర్యవేక్షణలో వాడే మందు. ఫ్రాంటోటెంపోరల్ రకంలో దానివల్ల మేలు జరుగుతుందని తేలలేదు. కొందరిలో చిరాకు, అదుపులేని ప్రవర్తన పెరిగాయి కూడా. మీరు రాసిన కోపానికి ఆ మాత్ర కారణమని చూడకుండా అనలేను, కానీ కాదనీ అనలేను. గుండె వేగం తగ్గించగలదు, కళ్లు తిరిగి పడిపోయేలా చేయగలదు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు ఇబ్బంది తేగలదు. మోతాదు ఎంతో కూడా మీరు రాయలేదు. ఆ మాత్ర ఏం చేయాలో రేపే దగ్గర్లోని డాక్టర్ని అడగండి. ఈలోగా స్పృహ తప్పినా, నాడి మరీ నెమ్మదించినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

న్యూరాలజిస్టు మాట, ప్రవర్తన పరీక్షించి ఎమ్మారై, కొన్ని రక్తపరీక్షలు రాయొచ్చు. చేతుల్లో బలం తగ్గడం, కండలు అదరడం, మింగేటప్పుడు పొరబోవడం ఉంటే తప్పక చెప్పండి. ఈ జబ్బు ఉన్న కొందరికి కండరాలను నడిపే నరాలు క్షీణించే మోటార్ న్యూరాన్ జబ్బు కూడా వస్తుంది. రక్తసంబంధీకుల్లో చిన్న వయసులోనే ఇలా మారినవాళ్లున్నారేమో కనుక్కోండి, కొన్ని కుటుంబాల్లో ఇది వంశపారంపర్యం. ఒకవేళ ఇదే అని తేలితే, జబ్బును ఆపే మందు ఇప్పటికి లేదు. ప్రవర్తనను కుదుటపరచే మందులు, స్పీచ్ థెరపీ ఉన్నాయి. ఆయన డబ్బు లావాదేవీలు, సంతకాల మీద ఇప్పటినుంచే ఒక కన్నేసి ఉంచండి. డాక్టరు చూసేవరకు బండి నడపనివ్వకండి.

ఇక మీరు అడిగినదానికి. మాస్టారు ఇప్పుడే వద్దు. గీత సరిచేయబోతే ఆయనకు చికాకు తప్ప ఒరిగేదేమీ ఉండకపోవచ్చు. కొత్తవాళ్ల ముందు ఎలా ఉంటారో తెలియకుండా ప్రదర్శన పెట్టడమూ తొందరే. అలాగని కాగితాలు, రంగులు మాత్రం లాక్కోకండి. జబ్బే అయినా ఆ బొమ్మల్లో ఆయన సంతోషం నిజమైనదే. భోజనానికి, నిద్రకి మెల్లగా పక్కకు మళ్లించండి చాలు. మేనత్తగారి విషయంలో ఆయన మీద మనసులో కష్టం పెట్టుకుని ఉంటే అది కూడా తీసేయండి. ఆయన కావాలని చేసి ఉండరు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు మాత్రల స్ట్రిప్పుతో పాటు మూడు బొమ్మలు తీసుకెళ్లండి. ఆయన మొట్టమొదట వేసినది, మధ్యలోది, నిన్నటిది. వెనక తేదీ లేకపోతే సుమారుగా ఏ నెలో రాయండి. మొదటి బొమ్మలో ఉన్న పక్షి పేరు ఆయన అప్పుడు చెప్పి ఉంటే, ఆ పేరు కూడా పక్కనే రాయండి.