ఆ ఊళ్ళో భయం ఎవరిది?

నల్లగొండ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ చేరింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి పాఠకుడిగా చదివాను, బాగుందనిపించింది. రెండోసారి, నీళ్ళలోని ఫ్లోరైడ్ మనుషుల ఎముకలు వంచేసిన మా నల్లగొండ జిల్లాలో, మర్రిగూడ పక్క పల్లెలో పుట్టి పెరిగినవాడిగా చదివాను, మనసు కష్టపడింది. ఆ కష్టం ఎందుకో నీకు చెప్పాలి.

బస్సు దిగగానే నీ టీచరమ్మకు చెట్టు కింద నడుము వంగిపోయిన మనిషి కనిపిస్తాడు. ఆమె చేయి తెలియకుండానే సంచిలోని నీళ్ళ సీసా మీదికి పోతుంది. నీకు చూపు ఉందని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు. కానీ ఆ తర్వాత పద్నాలుగు పేజీల్లో ఆ ఊళ్ళో ఇంకెవరూ దేనికీ భయపడరు. భయపడేది టీచరమ్మ ఒక్కతే. ఊరివాళ్ళందరూ ఆమె భయానికి కారణాలుగా మాత్రమే కనిపిస్తారు. చివర్లో బదిలీ కాగితం వస్తుంది, ఆమె ఊపిరి పీల్చుకుంటుంది, కథ అయిపోతుంది. మరి ఊరి సంగతేమిటి?

నా పళ్ళ మీద గార ఉంది. చిన్నప్పుడు తాగిన నీళ్ళ గుర్తు అది, ఏం చేసినా పోదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళితే, ఎదురుగా కూర్చున్న అధికారి నా దరఖాస్తు తెరవకముందే నా నోటివైపు చూసి "నల్లగొండా?" అన్నాడు. ఆయన గొంతులో జాలి ఉంది. ఆ జాలి ఎంత కాల్చిందో నాకింకా గుర్తుంది. అప్పటిదాకా నేను ప్రమాదకరమైన చోట పుట్టానని నాకు తెలియదు. మా ఊరంటే నాకు చెరువు కట్ట, సీతాఫలాల గుట్ట, మా అమ్మమ్మ ఇల్లు. ఆ రోజు నుంచి ఆ ఊరికి ఒక జబ్బు పేరు కూడా అంటుకుంది.

నిజానికి మన దేశంలో ఈ ఫ్లోరోసిస్ జబ్బును 1937లో మొదట నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. పేరు మాత్రం మాకు మిగిలింది. ఆ నీళ్ళను శుద్ధి చేయడానికి పటిక, సున్నం వాడే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. దాన్ని ఆఫ్రికా దేశాల్లో కూడా 'నల్లగొండ టెక్నిక్' అనే పిలుస్తారు. రోగానికీ మా పేరే, మందుకీ మా పేరే. నీ కథలో మొదటిదే ఉంది.

ఒక పెళ్ళి సంగతి చెబుతాను. మా బంధువుల అబ్బాయికి దివిసీమ అమ్మాయిని చేసుకున్నారు. మా వైపు ఊళ్ళకు పిల్లనివ్వడానికి చుట్టుపక్కల వాళ్ళే వెనకాడే రోజులవి. అంత దూరం నుంచి సంబంధం రావడమే విశేషం. ఆడపెళ్ళివారు బిందెల కొద్దీ నీళ్ళు వెంట తెచ్చుకున్నారు. మా పెద్దమ్మ అది చూసి ఏమీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక పెళ్ళికూతురి మేనమామ పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగింది: "అన్నయ్యగారూ, సముద్రం ఊళ్ళ మీదికి లేచి వచ్చిందట కదా. మీరు అక్కడ రాత్రిపూట ఎలా నిద్రపోతారు?"

ఆయన 1977 నవంబర్ 19 ఉప్పెనలో బతికి బయటపడ్డ మనిషి. ఆ ఒక్క రాత్రి దివిసీమలో వేలమంది పోయారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తుఫాను ఎప్పుడో వస్తుందమ్మా. మీరు ఈ నీళ్ళు పూటపూటా తాగాలి కదా, అది తలచుకుంటేనే నాకు గుండె దడగా ఉంది" అన్నాడు.

"నీళ్ళదేముంది, మెల్లగా చేస్తాయి. రాత్రికి రాత్రి పిల్లలను ఎత్తుకుపోవు" అంది మా పెద్దమ్మ. అప్పటికే ఆమె మోకాళ్ళు వంగేవి కావు, నేల మీద కూర్చోలేక కుర్చీలో కూర్చుని ఉంది.

ఇద్దరూ అబద్ధమాడలేదు. ఒకరి మీద ఒకరికి ఉన్న జాలి కూడా నిజమే. పాల్ స్లోవిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ఈ సంగతి మీద ఒక వ్యాసం రాశాడు. మామూలు మనుషులు ప్రమాదాన్ని చావుల లెక్కతో మాత్రమే కొలవరనీ, అది ఎంత దడ పుట్టిస్తుంది, ఎంత కొత్తది, తమ చేతిలో ఎంత ఉంది అన్నవి చూస్తారనీ ఆయన చెప్పాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ మాటలు చదివినప్పుడు నాకు ఆ పెళ్ళి పందిరే కళ్ళ ముందు కదిలింది. మా పెద్దమ్మకు బోరు నీళ్ళు కొత్త కాదు, ఆయనకు సముద్రం కొత్త కాదు.

పాలమూరు వైపు వెళితే ఈ లెక్క ఇంకా చిక్కుపడుతుంది. కోస్గి దగ్గర ఒక తండాలో, కుటుంబంతో ముంబైకి వలస వెళ్ళే ఒకాయనతో చాలాసేపు మాట్లాడాను. పదో అంతస్తులో సారువ కర్రల మీద నిలబడి పనిచేసిన మనిషి. పసిపిల్లను ఇసుక కుప్ప పక్కన పడుకోబెట్టి భార్య తట్టలు మోసేదట. భయం వేయదా అని అడిగాను. నేను పై అంతస్తు గురించి అడిగాననుకున్నాను. ఆయన జవాబు వేరే చోటి నుంచి వచ్చింది: "అక్కడ పని దొరకని రోజు ఉండదు సార్. ఇక్కడ వాన పడని ఏడాది ఉంటుంది." ఆయన దృష్టిలో ప్రమాదకరమైన చోటు తన సొంత ఊరే. ముంబై ఆ ప్రమాదం నుంచి తప్పించుకునే దారి. బయటివాడిగా నేను ఎత్తును చూశాను, ఆయన ఆకాశాన్ని చూస్తున్నాడు. ఈ ఒక్క సంభాషణ నా రాతను మార్చింది. అంతకుముందు వలస మీద నేను రాసిన రెండు కథలను తర్వాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు.

ఇదంతా చదివి, ఊరివాళ్ళకు అలవాటే కాబట్టి ప్రమాదం లేదని మాత్రం రాయకు. అది ఇంకా పెద్ద తప్పు. అలవాటు కళ్ళు మూస్తుంది. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదంటారు. నాలుక ఆ తేడాను పట్టుకోలేదు. "మా తాతలు తాగలేదా" అన్న మాటతో నా ఈడువాళ్ళు ఎంతమంది నడుములు పోగొట్టుకున్నారో నేను చూశాను. తాతలు తాగింది చేదబావి నీళ్ళు. మేము తాగింది రాతిపొరల్లో లోతుగా దించిన బోరు నీళ్ళు. ఆ తేడాను మాకు చెప్పినవాళ్ళు ఆలస్యంగా వచ్చారు. జబ్బు వచ్చాక మందు లేదు, నీళ్ళు మార్చడం ఒక్కటే దారి.

అలవాటైన భయాన్ని ఎలా పట్టుకోవాలని అడుగుతావు. మనుషుల నోళ్ళలో వెతకకు, చేతుల్లో వెతుకు. మా జిల్లాలో గీత కార్మికుడిని "చెట్టెక్కడం భయం కాదా?" అని అడిగి చూడు, నవ్వేస్తాడు. కానీ తెల్లవారుజామున చెట్టెక్కే తాళ్ళు, మోకు, ముత్తాదు సరిచూసుకునేటప్పుడు అతని వేళ్ళు ఎంతసేపు ఆగుతాయో గమనించు. మొదటి పట్టు పట్టేముందు కాటమయ్యకు మొక్కుతాడు. ఆ మొక్కులో ఉంది భయం. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన భద్రతా కిట్లకు కూడా ఆ దేవుడి పేరే పెట్టారు.

ఆ భయం ఒక్కోసారి నోరు కూడా తెరుస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. మా నీళ్ళ బాధ దేశానికి వినిపించాలని జలసాధన సమితి అంతమందిని నిలబెట్టింది. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా వేయాల్సి వచ్చింది. నీ కథలో చెట్టు కింద కూర్చున్న ఆ మనిషి ఆ 480 మందిలో ఒకడు కావచ్చునని నీకు తోచిందా? తోచి ఉంటే టీచరమ్మ ఆయన పేరు అడిగేది.

ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను. శ్రీశైలం జలాశయం నుంచి మా జిల్లాకు కృష్ణా నీళ్ళు తెచ్చేందుకు తవ్వుతున్న సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కూలింది. ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు, ఒక్కరూ ప్రాణాలతో రాలేదు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్ నుంచి వచ్చినవాళ్ళు. దోమలపెంట మాకు శ్రీశైలం దారిలో బస్సు కిటికీలోంచి చూసే అడవి ఊరు. ఇప్పుడు జార్ఖండ్‌లో ఏదో ఒక పల్లెలో ఒక తల్లికి ఆ పేరు ఎలా వినిపిస్తుందో ఆలోచిస్తే నాకు నిద్ర పట్టలేదు. మన పాలమూరు తల్లులు ముంబై పేరు తలచుకున్నట్టే తలచుకుంటుందేమో. మా గొంతు తడపడానికి తవ్విన చోట వాళ్ళ బిడ్డలు పోయారు. దీని మీద నేను రాయాలనుకున్నాను, ఇంకా చేతకాలేదు.

నీ కథ సంగతికి వస్తాను. టీచరమ్మను తీసేయకు, ఆమె భయం నిజమైనది. ఆమెకు అద్దెకిచ్చిన ఇంటావిడకు కూడా ఒక భయం ఇవ్వు. ఆ ఇంట్లో ఇప్పుడు నల్లా నీళ్ళ బిందె వేరు, బోరు నీళ్ళ బకెట్ వేరు ఉంటాయి. ఏ చెంబు ఎందులో ముంచాలో పసివాళ్ళకు కూడా తెలుసు. కొత్తగా వచ్చిన మనిషి చెంబు మార్చి ముంచితే ఆ ఇల్లాలు ఏమంటుంది? తన కూతురు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటే, రాత్రి తొమ్మిదింటికి ఫోను ఎత్తకపోతే ఆమె ఏమవుతుంది? టీచరమ్మ వచ్చిన నగరమే ఆ తల్లికి భయం పుట్టించే చోటు కదా. ఇద్దరినీ ఒక సాయంత్రం ఒకే అరుగు మీద కూర్చోబెట్టు. వాళ్ళను మాట్లాడనివ్వు, నువ్వు మధ్యలోకి రాకు.

తిరగరాసే ముందు ఒకసారి వచ్చి వెళ్ళు. మర్రిగూడ బస్సు ఎక్కిస్తాను. నాలుగు రోజులు ఉండేలా రా. మా చెల్లెలి ఇంట్లో గది ఖాళీగా ఉంది. నీళ్ళ సీసా తెచ్చుకుంటే ఆమె ఏమీ అనుకోదు, కానీ మొదటి రోజు సాయంత్రమే మీ ఊరి గురించి తనకున్న భయాలన్నీ నిన్ను అడిగేస్తుంది. జవాబులు సిద్ధం చేసుకుని రా.

ప్రేమతో,
మీ మాస్టారు